జూలియస్ వాన్ సాక్స్

జూలియస్ వాన్ సాక్స్ (అక్టోబరు 2, 1832 - మే 29, 1897) ప్రముఖ జర్మన్ వృక్ష శాస్త్రవేత్త. ప్రయోగాత్మక వృక్ష శరీరధర్మ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఈయన అగ్రగణ్యుడు. ఆకులలో కనిపించే పిండిపదార్థం వెలుతురులో, కణాలలోని హరితరేణువులలోనే తయారవుతుందని ఈయన 1862 - 1864 సంవత్సరాల మధ్య ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. అంతవరకు మొక్క మొత్తానికి ఆపాదించబడిన ఆహార తయారీ అనే పనికి కణంలో ఒక నిర్దిష్టమైన స్థానాన్ని చూపించినది ఈ ప్రయోగాలే. ఉన్నత పాఠశాలల్లో విద్యార్థులు ఆకును ఉడికించి, అయొడిన్ ద్రావణంలో ముంచి చేసే పరీక్ష కూడా ఈయన ప్రచారంలోకి తెచ్చినదే. అయితే ఆ ప్రయోగం చేసే విద్యార్థులలో చాలామందికి సాక్స్ పేరు తెలియదు.

బాల్యం

సాక్స్ పూర్తిపేరు ఫెర్డినాండ్ గుస్తావ్ జూలియస్ సాక్స్. ఈయన ఆనాడు ప్రష్యా రాజ్యంలో ఉన్న బ్రెస్లావ్ నగరంలో జన్మించాడు. ఈ నగరం ప్రస్తుతం పోలాండ్ దేశంలో వ్రొత్స్వావ్ అనే పేరుతో ఉన్నది. తండ్రి లోహపు పలకలపై బొమ్మలు, అక్షరాలు చెక్కే పనివాడు. కుటుంబానికి ఆస్తిపాస్తులు లేవు. తండ్రి వద్దనే బాలుడు చిత్రలేఖనం నేర్చుకున్నాడు. పూలను, శిలీంధ్రాలను చూచి ఉన్నది ఉన్నట్లుగా గీయడం చిన్ననాటి నుండి అలవాటయింది. ఈ విద్యే తరువాత ఈయన జీవితాన్ని నిలబెట్టింది.

1848లో తండ్రి, మరుసటి సంవత్సరం తల్లి మరణించారు. పదిహేడేళ్ళ వయసులో సాక్స్ అనాథగా మిగిలాడు. చదువు కొనసాగించే దారి లేక పాఠశాలను విడిచిపెట్టవలసి వచ్చింది.

పుర్కిన్యే ఆశ్రయం

ఆ కాలంలో బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో యాన్ పుర్కిన్యే అనే చెక్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆచార్యుడుగా ఉండేవాడు. మెదడులోని పుర్కింజి కణాలు ఈయన పేరుతోనే ప్రసిద్ధి చెందాయి. పుర్కిన్యే కుమారులకు సాక్స్ బాల్యమిత్రుడు. పుర్కిన్యే 1850లో ప్రాగ్ నగరానికి బదిలీ అయ్యాడు. తల్లిదండ్రులు లేని ఈ యువకుని చిత్రలేఖన నైపుణ్యం ఆయనకు తెలుసు. అందుచేత 1851లో సాక్స్‌ను ప్రాగ్‌కు పిలిపించి, తన పరిశోధనలకు బొమ్మలు గీసే సహాయకునిగా నియమించుకున్నాడు.

సూక్ష్మదర్శినిలో కనిపించినదాన్ని కాగితంపై గీయడం ఆనాటి జీవశాస్త్రంలో ప్రధానమైన పని. ఇందుకు ఛాయాచిత్రాలు వాడడం ఇంకా సర్వసాధారణం కాలేదు. గీయవలసినవాడు ముందుగా శ్రద్ధగా చూడాలి. ఆ విధంగా సాక్స్‌కు బొమ్మలు గీసే ఉద్యోగమే పరిశీలనలో శిక్షణ అయ్యింది. ఉద్యోగం చేస్తూనే ఆగిపోయిన చదువును పూర్తిచేసి, ప్రాగ్ విశ్వవిద్యాలయంలో చేరి 1856లో డాక్టరేట్ పట్టా పొందాడు. 1857లో అదే విశ్వవిద్యాలయంలో వృక్ష శరీరధర్మ శాస్త్రం బోధించేందుకు అర్హత సంపాదించాడు. ఆ రోజుల్లో వృక్షశాస్త్రమంటే ప్రధానంగా మొక్కలను గుర్తించి, వర్గీకరించి, పేర్లు పెట్టడమే. మొక్క ఎలా బ్రతుకుతుంది అన్న ప్రశ్నకు ప్రత్యేకంగా ఒక ఆచార్య పదవి ఉండడం అరుదు.

మట్టి లేకుండా మొక్కల పెంపకం

1859లో సాక్స్ డ్రెస్డెన్ నగరానికి సమీపంలోని థారంట్ వ్యవసాయ, అటవీ విద్యాసంస్థలో చేరాడు. మొక్కకు మట్టి నుండి ఏయే పదార్థాలు కావాలి అన్నది అక్కడి వ్యవసాయదారులకు, శాస్త్రవేత్తలకు సమానంగా ముఖ్యమైన ప్రశ్న. మట్టిలో అనేక పదార్థాలు కలిసి ఉంటాయి కనుక వాటిలో ఏది అవసరమో తేల్చడం కష్టం. సాక్స్ మట్టినే తొలగించాడు. నీటిలో పొటాషియం నైట్రేట్, కాల్షియం ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్ మొదలైన లవణాలను, కొద్దిపాటి ఇనుప లవణాన్ని కరిగించి, మొక్కల వేర్లను ఆ ద్రావణంలో ఉంచాడు. 1860లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. దాదాపు అదే సమయంలో విల్హెల్మ్ నాప్ అనే మరొక జర్మన్ శాస్త్రవేత్త కూడా ఇటువంటి ప్రయోగాలే చేశాడు.

ఈ పద్ధతి వలన రెండు విషయాలు తేలాయి. ద్రావణం నుండి ఒక్కొక్క లవణాన్ని తీసివేసి చూస్తే, అది లేనందువలన మొక్కకు వచ్చే లోపం స్పష్టంగా కనిపిస్తుంది. ఉదాహరణకు ఇనుము లేకపోతే కొత్త ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. రెండవది, ద్రావణంలో సేంద్రియ పదార్థం ఏమీ లేకపోయినా మొక్క పెరుగుతున్నది. అంటే మొక్క దేహంలోని కర్బనం వేర్ల ద్వారా రావడం లేదు. అది గాలి నుండి, ఆకుల ద్వారా రావలసిందే. మరి ఆకులో ఆ కర్బనం ఎక్కడ ఆహారంగా మారుతున్నది? సాక్స్ తరువాతి పరిశోధన ఈ ప్రశ్నపైనే సాగింది.

అప్పటికి తెలిసిన విషయాలు

కిరణజన్య సంయోగక్రియ గురించి సాక్స్‌కు పూర్వమే ఎంతో సమాచారం సమకూడింది. మొక్కలు చెడిన గాలిని బాగుచేస్తాయని జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1771లో గమనించాడు. ఇందుకు వెలుతురు అవసరమని, ఈ పని చేసేవి ఆకుపచ్చని భాగాలు మాత్రమేనని 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ చూపాడు. కార్బన్ డై ఆక్సైడ్ పాత్రను జాన్ సెనెబియర్, నీటి పాత్రను 1804లో నికొలా ద సొస్యూర్ వివరించారు. ఆకుపచ్చని పదార్థానికి పత్రహరితం అన్న అర్థం వచ్చే గ్రీకు పేరును ఇద్దరు ఫ్రెంచి రసాయనికులు, పెల్టియే మరియు కవంటూ, పెట్టారు.

1837లో హ్యూగో ఫాన్ మోల్ సూక్ష్మదర్శిని సహాయంతో ఈ ఆకుపచ్చని పదార్థం కణమంతటా పరచుకొని లేదని, చిన్న చిన్న రేణువులలో ఇమిడి ఉన్నదని వర్ణించాడు. ఆ రేణువులలో పిండి గింజలు ఉండడం కూడా చూచాడు. అయితే ఆ పిండి అక్కడికి ఎలా వచ్చింది? వేరొక చోట తయారై అక్కడ నిలువ ఉన్నదా, లేక అక్కడే పుట్టిందా? దానికీ వెలుతురుకూ సంబంధమేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం లేదు. ఒకవైపు వాయువులను కొలిచే రసాయనికులు, మరొకవైపు కణాలను చూచే సూక్ష్మదర్శిని నిపుణులు ఉన్నారు గాని, ఇద్దరి పరిశీలనలను కలిపినవారు లేరు.

హరితరేణువులలో పిండిపదార్థం

1861లో సాక్స్ బాన్ నగరం దగ్గర ఉన్న పొపెల్స్‌డార్ఫ్ వ్యవసాయ విద్యాసంస్థలో ఆచార్యుడయ్యాడు. ఈయన అత్యంత ప్రధానమైన ప్రయోగాలు ఇక్కడనే జరిగాయి.

పిండిపదార్థం అయొడిన్ తగిలితే నీలిరంగుకు మారుతుందని అప్పటికే తెలుసు. కాని ఆకుపచ్చ రంగు వలన ఈ నీలం సరిగా కనిపించదు. సాక్స్ ఆకు ముక్కలను ఆల్కహాలులో ఉంచి పత్రహరితాన్ని తొలగించి, క్షారంతో పిండి గింజలను ఉబ్బేటట్లు చేసి, తరువాత అయొడిన్ కలిపి సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. అతి చిన్న పిండి గింజలు కూడా ఈ పద్ధతిలో బయటపడ్డాయి.

1862లో ప్రచురించిన వ్యాసంలో హరితరేణువులలో పిండి ఏర్పడడంపై వెలుతురు ప్రభావాన్ని వివరించాడు. చీకటిలో మొలకెత్తిన మొక్కల కణాలలోని రేణువులు పసుపుపచ్చగా ఉంటాయి. వాటిని వెలుతురులోకి తెస్తే మొదట ఆ రేణువులు ఆకుపచ్చగా మారుతాయి. ఆ తరువాతనే వాటిలో పిండి గింజలు కనిపిస్తాయి. 1864లో మరొక ముఖ్యమైన వ్యాసం వెలువడింది. పచ్చని మొక్కను కొన్ని రోజులు చీకటిలో ఉంచితే హరితరేణువులలోని పిండి కరిగి మాయమవుతుంది. అదే మొక్కను తిరిగి వెలుతురులో ఉంచితే అవే రేణువులలో పిండి మళ్ళీ పుడుతుంది. మొక్క అదే, ఆకు అదే, మారినది వెలుతురు ఒక్కటే. కాబట్టి పిండి వేరొక చోటనుండి వచ్చి చేరినది కాదని, వెలుతురు సహాయంతో అక్కడనే తయారవుతున్నదని సాక్స్ నిర్ధారించాడు.

ఈ ప్రయోగాల వలన తేలిన ముఖ్యాంశాలు ఇవి:

- ఆహారం తయారుచేసే స్థానం ఆకు మొత్తం కాదు, కణం మొత్తం కూడా కాదు, కణంలోని హరితరేణువు.
- కార్బన్ డై ఆక్సైడ్ నుండి మొక్క తయారుచేసే పదార్థాలలో కంటికి కనిపించే మొదటిది పిండిపదార్థం.
- హరితరేణువులో పిండి శాశ్వతంగా నిలువ ఉండదు. కరిగి, మొక్కలోని ఇతర భాగాలకు చేరుతుంది. దుంపలు, గింజలు, కొత్త చిగుళ్ళు దీనితోనే పెరుగుతాయి.

ఇక్కడ సాక్స్ జాగ్రత్తగా వాడిన మాటను గమనించాలి. పిండి మొదటి పదార్థమని కాక, కంటికి కనిపించే మొదటి పదార్థమని మాత్రమే ఆయన అన్నాడు. ఉల్లి వంటి కొన్ని మొక్కల ఆకులలో పిండి ఏర్పడదని ఆయనకు తెలుసు. అటువంటి మొక్కలలో చక్కెర వంటి కరిగే పదార్థాలు ఏర్పడతాయి. పిండి ఏర్పడడానికి ముందు ఇంకేవో దశలు ఉండవచ్చుననే అవకాశాన్ని ఈ మాట మిగిల్చింది. ఆ దశలు బయటపడడానికి మరి ఎనిమిది దశాబ్దాలకు పైగా పట్టింది.

వెలుతురు రంగుల ప్రభావాన్ని కూడా సాక్స్ ఇదే కాలంలో పరిశీలించాడు. రంగు ద్రావణాల గుండా వెలుతురును పంపి, నీటిమొక్క కాండం నుండి నిమిషానికి ఎన్ని వాయుబుడగలు వెలువడుతున్నాయో లెక్కించాడు. బుడగలు లెక్కించే ఈ సులభమైన పద్ధతి నేటికీ పాఠశాలల్లో ఉపయోగపడుతున్నది.

1865లో ఈ ఫలితాలన్నిటినీ చేర్చి ప్రయోగాత్మక వృక్ష శరీరధర్మ శాస్త్రంపై ఒక బృహద్గ్రంథాన్ని ప్రకటించాడు. అప్పటికి ఆయన వయసు 33 సంవత్సరాలు.

వూర్జ్‌బర్గ్ ప్రయోగశాల

1867లో సాక్స్ ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి, 1868లో వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. తరువాత ఇతర విశ్వవిద్యాలయాల నుండి పిలుపులు వచ్చినా, మరణించేవరకు వూర్జ్‌బర్గ్‌లోనే ఉండిపోయాడు. ఆయన ప్రయోగశాల వలన ఆ నగరం వృక్షశాస్త్ర విద్యార్థులకు పుణ్యక్షేత్రం వంటిదయింది.

సాక్స్ తనకు కావలసిన పరికరాలను తానే రూపొందించుకునేవాడు. మొక్క పెరుగుదలను తనంతట తానే నమోదు చేసే ఆక్సనోమీటర్‌ను తయారుచేశాడు. మొక్కను నెమ్మదిగా తిప్పుతూ, గురుత్వాకర్షణ ఒకే దిశలో పనిచేయకుండా చేసే క్లినోస్టాట్ అనే పరికరాన్ని ప్రయోగాలలో ప్రవేశపెట్టాడు. పెరిగే భాగం మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా పెరిగి, చివరకు నిలిచిపోతుందని కొలతలతో చూపాడు.

ఆయన వద్ద శిక్షణ పొందినవారిలో అనేకులు తరువాత సుప్రసిద్ధులయ్యారు. ద్రవాభిసరణపై పరిశోధించిన విల్హెల్మ్ ఫెఫర్, ఉత్పరివర్తన సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన హ్యూగో డీ వ్రీస్, మొక్కల స్వరూపశాస్త్రంలో ప్రసిద్ధుడైన కార్ల్ గోబెల్, తన పేరుతో ఒక ద్రాక్ష రకాన్ని మిగిల్చిన హెర్మన్ ముల్లర్ (ముల్లర్-తుర్గావ్) వీరిలో కొందరు. ఇంగ్లండు నుండి వచ్చిన సిడ్నీ వైన్స్, హ్యారీ మార్షల్ వార్డ్ వంటివారు ప్రయోగాత్మక పద్ధతిని తమ దేశానికి తీసుకొనివెళ్ళారు. వీరిలో వార్డ్ తరువాత సింహళానికి వెళ్ళి, అక్కడి కాఫీ తోటలను నాశనం చేస్తున్న ఆకు తెగులుపై పరిశోధన చేశాడు.

అయొడిన్ పరీక్ష

1884లో సాక్స్ ఆకుల పోషణ వ్యాపారంపై మరొక వ్యాసం ప్రచురించాడు. 1860వ దశకంలో ఆయన వాడిన పద్ధతికి సూక్ష్మదర్శిని అవసరం. ఈసారి మొత్తం ఆకునే పరీక్షించే సులువైన పద్ధతిని వివరించాడు. ఆకును వేడినీటిలో కాసేపు ఉడికించాలి. దీనివలన కణాలు చనిపోయి మెత్తబడతాయి. తరువాత ఆల్కహాలులో ఉంచితే పత్రహరితం కరిగిపోయి ఆకు తెల్లబడుతుంది. ఆ తెల్లని ఆకును అయొడిన్ ద్రావణంలో ముంచితే పిండి ఉన్నచోట నీలి నలుపు రంగు వస్తుంది. ఆకులో కొంత భాగానికి వెలుతురు సోకకుండా కప్పి ఉంచితే, ఆ భాగం మాత్రం రంగు మారకుండా మిగిలిపోతుంది. పాఠశాలలో ఈ ప్రయోగం చేసేటప్పుడు ఆల్కహాలును నేరుగా మంటపై పెట్టరాదు, వేడినీటి పాత్రలో ఉంచి మాత్రమే వేడిచేయాలి.

ఈ పద్ధతితో ఒకే మొక్క ఆకులను సాయంత్రం ఒకసారి, మరునాటి ఉదయం ఒకసారి పరీక్షించాడు. సాయంత్రం కోసిన ఆకులు నల్లబడ్డాయి. తెల్లవారుజామున కోసినవి దాదాపు రంగు మారలేదు. పగలంతా తయారైన పిండి రాత్రివేళ కరిగి ఆకును విడిచి వెళ్ళిపోతున్నదని దీనివలన స్పష్టమయింది.

ఇదే వ్యాసంలో ఆయన అర్ధపత్ర పద్ధతిని కూడా వివరించాడు. ఉదయం ఆకులో మధ్య ఈనెకు ఒక ప్రక్కనున్న సగాన్ని కోసి, ఎండబెట్టి తూచాడు. మిగిలిన సగాన్ని మొక్కపైనే ఎండలో ఉంచి, కొన్ని గంటల తరువాత కోసి, దాన్నీ ఎండబెట్టి సమాన వైశాల్యాల బరువులు పోల్చాడు. రెండవ సగం బరువు ఎక్కువగా ఉన్నది. ఆ తేడా ఆ కొద్ది గంటలలో ఆకు తయారుచేసిన ఆహారానికి కొలత. మన పాఠ్యపుస్తకాలలో ఉన్న మోల్ అర్ధపత్ర ప్రయోగం ఇది కాదు. మోల్ ప్రయోగంలో ఆకులో సగభాగాన్ని కార్బన్ డై ఆక్సైడ్ లేని సీసాలో ఉంచి, ఆ వాయువు అవసరాన్ని నిరూపిస్తారు. రెంటి పేర్లు దగ్గరగా ఉండడం వలన విద్యార్థులు పొరబడే అవకాశం ఉన్నది.

గ్రంథాలు

సాక్స్ 1868లో వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథాన్ని ప్రచురించాడు. ఇది పలు ముద్రణలు పొంది, 1875లో ఆంగ్లంలోకి అనువదింపబడింది. అదే సంవత్సరం 16వ శతాబ్దం నుండి 1860 వరకు వృక్షశాస్త్రం నడచిన చరిత్రను ఒక గ్రంథంగా వెలువరించాడు. 1882లో వృక్ష శరీరధర్మ శాస్త్రంపై తన ఉపన్యాసాలను ప్రకటించాడు. ఈ గ్రంథాలలోని చిత్రాలలో అనేకం ఆయన స్వయంగా గీసినవే. అవి తరువాతి కాలంలో ఇతరుల పాఠ్యపుస్తకాలలోనూ చోటుచేసుకున్నాయి.

డార్విన్‌తో వివాదం

చార్లెస్ డార్విన్ కుమారుడు ఫ్రాన్సిస్ డార్విన్ 1870వ దశకం చివరలో వూర్జ్‌బర్గ్‌కు వచ్చి సాక్స్ ప్రయోగశాలలో పనిచేశాడు. తండ్రీకొడుకులు కలిసి చేసిన ప్రయోగాల ఆధారంగా 1880లో మొక్కల చలనశక్తిపై ఒక గ్రంథం వెలువడింది. వేరు క్రిందికి వంగడానికి కావలసిన గురుత్వాకర్షణ సంజ్ఞను వేరు కొన గ్రహిస్తుందని, అక్కడి నుండి ఆ సంజ్ఞ పైభాగానికి చేరి వంపు కలిగిస్తుందని డార్విన్ అందులో ప్రతిపాదించాడు. వేరు కొనను కత్తిరిస్తే వేరు వంగడం మానుతుందన్నది ఆయన చూపిన ఆధారాలలో ఒకటి.

సాక్స్ దీనిని ఒప్పుకోలేదు. ఆయన శిష్యుడు ఎమిల్ డెట్లెఫ్‌సెన్ ఈ ప్రయోగాలను తిరిగి చేసి డార్విన్‌కు వ్యతిరేకమైన ఫలితాలను 1882లో ప్రకటించాడు. కొన కోసినప్పుడు కలిగిన గాయం వలననే తేడాలు వచ్చాయని వీరి వాదన. సాక్స్ తన ఉపన్యాస గ్రంథంలో డార్విన్ ప్రయోగాలను నైపుణ్యం లేని పనిగా విమర్శించాడు. గొప్ప పరికరాలున్న ప్రయోగశాలకు, పల్లెలోని ఇంటిలో జరిగిన సాధారణ ప్రయోగానికి మధ్య పోటీగా దీన్ని ఆయన భావించినట్లు కనిపిస్తుంది. డార్విన్ అదే సంవత్సరం ఏప్రిల్‌లో మరణించాడు.

చివరకు డార్విన్ అభిప్రాయమే సరియైనదని తేలింది. 1900లో, అంటే సాక్స్ మరణించిన మూడు సంవత్సరాలకు, గాట్లీబ్ హాబర్‌లాంట్, బొహుమిల్ నెమెట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా ఒకే విషయాన్ని ప్రకటించారు. వేరు కొనపై ఉండే తొడుగు కణాలలో బరువైన పిండి గింజలు ఉంటాయి. వేరును ఏ వైపుకు త్రిప్పినా ఈ గింజలు కణం అడుగుకు జారుతాయి. క్రిందు ఏదో వేరుకు తెలిసేది ఈ విధంగానే. ఈ పిండి గింజలు ఉండేవి హరితరేణువుతో ఒకే మూలం నుండి పుట్టిన, రంగులేని రేణువులలో. హరితరేణువులోని పిండి గింజను పట్టుకొని కీర్తి గడించిన శాస్త్రవేత్త, వేరు కొనలోని పిండి గింజకు అటువంటి పని ఉండవచ్చునని గుర్తించలేకపోయాడు.

ఇతర విషయాలలో కూడా సాక్స్ అభిప్రాయాలు కొన్ని నిలబడలేదు. దారువులో నీరు నాళాల లోపలి ఖాళీ గుండా కాక, నాళాల గోడలలో ఇంకి పైకి ప్రాకుతుందని ఆయన గట్టిగా నమ్మాడు. నీరు నాళాల గుండానే పైకి పోతుందని తరువాతి పరిశోధనలు రుజువుచేశాయి. మరోవైపు, పూలు ఏర్పడడానికి ఆకులలో పుట్టే ప్రత్యేక రసాయన పదార్థాలు కారణమని ఆయన చేసిన ఊహ మొక్కల హార్మోన్ల పరిశోధనకు దారిచూపింది.

చివరి దినాలు

విరామం లేని శ్రమ వలన సాక్స్ ఆరోగ్యం మధ్యవయసు నుండే దెబ్బతిన్నది. నరాల బాధ, నిద్రలేమి ఆయనను వేధించాయి. తన నిర్ణయాలపై ఎవరైనా సందేహం వెలిబుచ్చితే సహించలేని స్వభావం వలన పూర్వపు మిత్రులు, శిష్యులలో కొందరు దూరమయ్యారు. అయినా చివరి సంవత్సరాల వరకు పరిశోధనా వ్యాసాలు వ్రాస్తూనే ఉన్నాడు. జీవితకాలంలో ఆయనకు ప్రభుత్వం కులీన హోదా ఇవ్వడంతో పేరులో వాన్ అనే పదం చేరింది. 1888లో లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యత్వం ఇచ్చి గౌరవించింది. 1897 మే 29న వూర్జ్‌బర్గ్‌లో మరణించాడు. ఆ విశ్వవిద్యాలయంలోని జీవశాస్త్ర సంస్థకు ఆయన పేరు పెట్టారు.

సాక్స్ తరువాత హరితరేణువు

సాక్స్ చూపిన రేణువు లోపల ఏమి జరుగుతుందో తెలుసుకొనడం తరువాతి తరాల పని అయింది. 1882లో థియోడార్ ఎంగెల్‌మాన్ ఆక్సిజన్ వైపు ఆకర్షింపబడే బాక్టీరియాలను ఉపయోగించి, ఆక్సిజన్ హరితరేణువుల వద్దనే వెలువడుతుందని చూపాడు. 1883లో ఆండ్రియాస్ షింపర్ ఈ రేణువులు కొత్తగా పుట్టవని, ఉన్న రేణువులు విభజన చెందడం వలననే ఏర్పడతాయని వివరించాడు. అవి ఒకప్పుడు స్వతంత్ర జీవులై ఉండవచ్చునన్న సూచన కూడా చేశాడు. 1905లో కాన్‌స్టాంటిన్ మెరెష్కోవ్‌స్కీ దీనిని సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. 1960వ దశకంలో హరితరేణువులో సొంత డి.ఎన్.ఏ. ఉన్నట్లు తెలియడం, ఆ తరువాత లిన్ మార్గులిస్ చేసిన కృషి వలన ఈ సిద్ధాంతానికి బలం చేకూరింది. నీలి ఆకుపచ్చ బాక్టీరియా వంటి జీవి ఒకటి మరొక కణంలో చేరి హరితరేణువుగా మారిందని ప్రస్తుతం శాస్త్రవేత్తలు అంగీకరిస్తున్నారు.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత హరితరేణువు నిర్మాణం వివరంగా తెలిసింది. సాధారణ మొక్కలలో ఇది సుమారు 5 మైక్రోమీటర్ల పొడవుతో, గింజ ఆకారంలో ఉంటుంది. దీని చుట్టూ రెండు పొరలు ఉంటాయి. లోపల థైలకాయిడ్లు అనే పలుచని తిత్తులు నాణేల దొంతరల వలె పేర్చి ఉంటాయి. ఈ దొంతరలను గ్రానా అంటారు. పత్రహరితం థైలకాయిడ్ల పొరలలో ఉంటుంది. చుట్టూ ఉన్న ద్రవభాగం పేరు స్ట్రోమా.

ఈ నిర్మాణానికి తగినట్లుగానే పని కూడా రెండు భాగాలుగా జరుగుతుంది. థైలకాయిడ్ల పొరలలో వెలుతురు శక్తితో నీరు విడిపోయి ఆక్సిజన్ వెలువడుతుంది, ఎ.టి.పి. వంటి శక్తినిచ్చే పదార్థాలు ఏర్పడతాయి. ఆ శక్తితో స్ట్రోమాలో కార్బన్ డై ఆక్సైడ్ చక్కెరగా మారుతుంది. ఈ రెండవ మార్గాన్ని మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ రేడియోధార్మిక కర్బనం సహాయంతో కనుగొన్నారు. ఇందుకు 1961లో కాల్విన్‌కు నోబెల్ బహుమతి లభించింది. మొదట ఏర్పడే స్థిరమైన పదార్థం పిండి కాదని, మూడు కర్బన పరమాణువులున్న ఒక ఆమ్లమని వీరు చూపారు. పగటిపూట మిగులు చక్కెర స్ట్రోమాలో పిండి గింజలుగా చేరుతుంది, రాత్రి తిరిగి కరిగి మొక్కకు ఆహారమవుతుంది. సాక్స్ సాయంత్రం, ఉదయం కోసిన ఆకులలో చూచిన తేడాకు కారణం ఇదే. ఆయన పిండిని కంటికి కనిపించే మొదటి పదార్థం అని మాత్రమే అనడం వలన, కొత్త పరిశోధనలు ఆయన నిర్ణయాన్ని త్రోసిపుచ్చలేదు, పూర్తిచేశాయి.

ప్రాముఖ్యత

మనం తినే అన్నంలోని ప్రతి మెతుకులో ఉన్న పిండిపదార్థానికి మూలం వరి ఆకులలోని హరితరేణువులు చేసిన పనే. పశువు తినే గడ్డికి, ఆ పశువు ఇచ్చే పాలకు కూడా మూలం అదే. నేల మీది జీవులలో దాదాపు అన్నిటి ఆహారం కొన్ని మైక్రోమీటర్ల రేణువులో మొదలవుతున్నదన్న ఈ సత్యాన్ని సాక్స్ చెప్పి ఊరుకోలేదు. ఎవరైనా స్వయంగా పరీక్షించి చూచుకొనే మార్గం కూడా చూపాడు. డార్విన్ విషయంలో ఆయన అహంకారం ఆయనను దారితప్పించింది. అయితే పేరును బట్టి కాక, ప్రయోగాన్ని బట్టి నమ్మాలన్న ఆయన పద్ధతే ఆయన పొరపాటును కూడా సరిదిద్దింది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ పాఠశాలల్లో ఒక విద్యార్థి మందార ఆకును అయొడిన్‌లో ముంచి, వెలుతురు సోకిన భాగం నల్లబడడం చూచినప్పుడు, 1884లో వూర్జ్‌బర్గ్‌లో జరిగిన పరీక్షనే తిరిగి చేస్తున్నాడు. ఫలితాన్ని పుస్తకంలో చదివి ఒప్పుకొనవలసిన అవసరం ఆ విద్యార్థికి లేదు.